పిల్లలతో విలియమ్స్‌బర్గ్: వెళ్లే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

వర్జీనియాలో ఉంటున్నామని తెలిస్తే చాలు, న్యూజెర్సీ నుంచో డాలస్ నుంచో బంధువులు ఫోన్ చేసి రెండు సంగతులు అడుగుతారు. వాషింగ్టన్ డీసీకి ఎన్ని రోజులు పెట్టుకోవాలి, ఆ పక్కనే ఏదో పాతకాలం ఊరుందట కదా, పిల్లలకి నచ్చుతుందా అని. డీసీ గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. పాతకాలం ఊరి సంగతి నేను చెబుతాను. పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లతో కలిపి ఐదారుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి చేయకూడని తప్పులన్నీ చేశాం కూడా.

అసలు అదేమిటి? మ్యూజియమా, థీమ్ పార్కా?

ఊరు. 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకి రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కి తరలిపోయాక దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. 1926లో అక్కడి బ్రూటన్ పారిష్ చర్చి పాదిరి గుడ్విన్, కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ని ఒప్పించి పాత ఊరిని మళ్లీ నిలబెట్టే పని మొదలుపెట్టించాడు. ఇప్పుడు కలోనియల్ విలియమ్స్‌బర్గ్ పేరుతో 301 ఎకరాల్లో ఉంది. అద్దాల పెట్టెల్లో వస్తువులు పెట్టి చూపించడం కాదు. కమ్మరి కొలిమి దగ్గర మేకులు కొడుతుంటాడు, పీపాలు చేసేవాడు చెక్క చెక్కుతుంటాడు, వీధిలో గుర్రపుబండి వెళ్తుంటుంది. అందరూ 1770ల నాటి బట్టల్లోనే ఉంటారు.

టికెట్ కొనకపోతే లోపలికి రానివ్వరా?

రానిస్తారు. వీధులన్నీ ఉచితం, అక్కడ మామూలుగా కాపురముంటున్న వాళ్లు కూడా ఉన్నారు. గవర్నర్స్ ప్యాలెస్, కాపిటల్ అనే ఆనాటి చట్టసభ భవనం, చేతిపనుల దుకాణాల్లోకి వెళ్లాలంటేనే టికెట్. సాయంత్రం పూట ఊరికే నడిచి రావాలంటే పైసా ఖర్చు లేదు. పిల్లలకి చూపించడానికే వెళ్తుంటే మాత్రం టికెట్ కొనండి. బయటనుంచి చూస్తే అవి ఇటుక గోడలే, అసలు సంగతంతా గడప లోపల ఉంది. ఏడాదిలో రెండోసారి వెళ్లే ఆలోచన ఉంటే, రోజు టికెట్ ధరని వార్షిక పాస్ ధరతో పోల్చి చూసుకోండి.

ఆ భవనాలు అసలువేనా?

ఈ ప్రశ్న మా పెద్దవాడు ప్రతి గుమ్మం దగ్గరా అడిగాడు, చివరికి అదే ఆట అయిపోయింది. 88 దాకా కట్టడాలు అసలైన 18వ శతాబ్దపువి. కోర్టు, ఆయుధాగారం, ఆనాటి న్యాయవాది జార్జ్ విథ్ ఇల్లు ఆ కోవలోవే. మిగతావి పాత పునాదులు తవ్వి, ఆధారాలు పట్టుకుని మళ్లీ కట్టినవి. ఆ ఆధారాల్లో ఒకటి 1782 నాటి మ్యాపు. ఊళ్లో ప్రతి ఇల్లూ గుర్తించి గీసిన ఆ మ్యాపుని ఫ్రెంచివాడి మ్యాపు అంటారు. గవర్నర్స్ ప్యాలెస్ 1781లో కాలిపోయింది, అప్పుడది యార్క్‌టౌన్ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి ఆసుపత్రిగా ఉండేది. ఇప్పుడు మనం చూసేది 1934లో తెరిచిన కట్టడం. తోటలో ఒక మూల ఆ సైనికుల సమాధులున్నాయి, 156 మందివి. ప్యాలెస్ హాల్లో గోడలనిండా తుపాకులూ కత్తులూ చూసి నోరెళ్లబెట్టిన పిల్లలు ఆ మూలకి వచ్చేసరికి వాళ్లంతట వాళ్లే నెమ్మదిస్తారు.

ఒక్క రోజు సరిపోతుందా?

అన్నీ చూడాలనుకుంటే మూడు రోజులైనా చాలవు. మూడే చూడాలనుకుంటే ఒక రోజు హాయిగా సరిపోతుంది. మేము రెండోదానికే ఓటేస్తాం.

మొదటిసారి ఏం చేశామో చెబుతాను. శనివారం తీరిగ్గా తిని బయల్దేరాం. ఐ-95లో ఇరుక్కుని, ఐ-64 ఎక్కాక బీచికి పోయే కార్ల వెనక ఇరుక్కుని, రెండింటికి చేరాం. ఐదింటికి చాలా భవనాలు మూసేస్తారు. మూడు గంటల్లో పదకొండు చోట్లకి పిల్లల్ని పరిగెత్తించాం. తిరిగొస్తూ కారులో ఏం చూశారురా అంటే, మా చిన్నది "గుర్రం పేడ" అంది. అది తప్ప ఇంకేం గుర్తులేదు దానికి.

అందుకని, డీసీ వైపు నుంచి అయితే తెల్లవారుజామునే బయల్దేరండి. సుమారు 150 మైళ్లు, దారి ఖాళీగా ఉంటే రెండున్నర గంటలు, శుక్రవారం సాయంత్రం అయితే భగవంతుడి దయ. రిచ్‌మండ్ నుంచి అయితే గంట ప్రయాణం. కారు విజిటర్ సెంటర్ దగ్గర పెట్టేసి షటిల్ బస్సెక్కొచ్చు. ఒక భవనం, ఒక చేతిపని, ఒక మనిషితో మాట, ఈ మూడూ పొద్దున్నే పిల్లల చేతే ఎంపిక చేయించండి. మిగతాది దొరికినంత.

ఏ వయసు పిల్లలకి బాగుంటుంది?

ఏడు నుంచి పన్నెండు మధ్య బంగారం. వర్జీనియా బడుల్లో నాలుగో తరగతిలో రాష్ట్ర చరిత్ర ఉంటుంది, ఆ ఏడాది వెళ్తే పాఠం కళ్లముందు నడుస్తుంది.

ఐదేళ్లలోపు వాళ్లని కాపిటల్ టూరుకి తీసుకెళ్లకండి, వాళ్లకీ మీకూ పక్కవాళ్లకీ శిక్ష. వాళ్లకి గొర్రెలు చాలు. లెస్టర్ లాంగ్‌వుల్ అని ఉంగరాల జుట్టు గొర్రెలు, అరుదైన పాత జాతి. కంచె దగ్గర అరగంట నిలబడిపోతారు. ప్యాలెస్ వెనక పొదలతో పెంచిన చిక్కుదారి ఉంది, దాంట్లో పరిగెత్తించండి. ఎండాకాలంలో ఇటుకల బట్టీ దగ్గర ఒండ్రుమట్టిని కాళ్లతో తొక్కనిస్తారు. చెప్పులు విప్పి దిగాల్సిందే. మోకాళ్లదాకా బురద, మొహంనిండా నవ్వు. ఇంకో జత బట్టలూ ఒక పాత తువ్వాలూ కారులో కాకుండా భుజానున్న బ్యాగులోనే ఉంచుకోండి. కారు మైలు దూరంలో ఉంటుంది.

హైస్కూలు పిల్లలు మొదట ఫోన్లోనే ఉంటారు. వాళ్లని మందుల దుకాణానికి తీసుకెళ్లండి. జలగలు, కాళ్లు కోసే రంపాలు చూపించి ఆ కాలం వైద్యం చెబుతారు. పాత జైలుకి కూడా. బ్లాక్‌బియర్డ్ అనే సముద్రపు దొంగ ముఠా వాళ్లని బంధించింది అక్కడే.

వేషాల్లో ఉన్నవాళ్లతో ఏం మాట్లాడాలి? మా పిల్లలకి సిగ్గు.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. అక్కడ రెండు రకాల మనుషులుంటారు. కొందరు ఫలానా మనిషిగానే ఉంటారు. థామస్ జెఫర్సన్‌గా, జార్జ్ వాషింగ్టన్‌గా, గోవన్ పాంఫ్లెట్ అనే నల్లజాతి బాప్టిస్టు బోధకుడిగా. వాళ్లని ఫోన్ నంబరు అడిగితే అదేమిటని తిరిగి మనల్నే అడుగుతారు. రెండోరకం, చేతిపనివాళ్లు. బట్టలు పాతవి, మాట ఇప్పటిది. వాళ్లని ఏదైనా అడగొచ్చు, బాత్రూమ్ ఎక్కడో కూడా. వాళ్లు నటులు కారు. ఆ పని నేర్చుకోడానికి ఏళ్ల తరబడి శిష్యరికం చేసి, మెల్లగా పనివాడిగా, ఆపైన మేస్త్రీగా ఎదిగినవాళ్లు.

సిగ్గుపడే పిల్లలకి ఇంట్లోనే ఒక ప్రశ్న నేర్పించి తీసుకెళ్లండి. "నా అంత ఉన్నప్పుడు ఇక్కడి పిల్లలు పొద్దున్నే ఏం చేసేవాళ్లు?" అన్నది ఎక్కడైనా పనికొస్తుంది. పొరపాటున కూడా "ఈ బట్టల్లో ఉక్కపోయదా?" అని అడగనివ్వకండి. రోజుకి నూరుమంది అడుగుతారట.

దుకాణాల్లో ఏవి వదులుకోకూడదు?

నాకైతే రెండు. కమ్మరి కొలిమి, అచ్చుయంత్రం.

కొలిమి దగ్గర ఒక మేకు మొదట్నుంచీ చివరిదాకా చూసేవరకు కదలకండి. సన్నటి ఇనుప కడ్డీ నిప్పుల్లో పెడతాడు, తిత్తి లాగుతాడు. కడ్డీ నారింజరంగుకి రాగానే దాగలి మీద పెట్టి నాలుగు వైపులా తిప్పుతూ కొడితే మొన తేలుతుంది. కావలసిన పొడవు దగ్గర సగం తెగేలా గాటు పెట్టి, చిల్లున్న ఇనుప పనిముట్టులో దూర్చి, కడ్డీని విరిచేసి, పైన మిగిలిన ముక్కని నాలుగు దెబ్బలతో అణిస్తే తలకట్టు వస్తుంది. నీళ్లలో పడేస్తే సుయ్ మంటుంది. నిమిషం కూడా పట్టదు. "ఇల్లు కట్టడానికి ఇలాంటివి ఎన్ని కావాలి?" అని మా వాడు అడిగాడు. వేలకి వేలు అన్నాడాయన, మళ్లీ కడ్డీ నిప్పుల్లో పెడుతూ. ఆ తర్వాత ఊళ్లో మావాడు ఏ తలుపు చూసినా మేకులు లెక్కపెట్టడమే.

అచ్చు దుకాణంలో సీసపు అక్షరాల్ని ఒక్కోటీ ఏరి, అద్దంలో కనిపించేట్టు తిరగేసి పేరుస్తారు. తోలు బంతులతో సిరా అద్ది, కాగితం పరిచి, పిడి లాగుతారు. వర్జీనియా గెజిట్ అనే పత్రిక ఈ ఊళ్లోనే ఇలా అచ్చయ్యేది. అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న మాటలు అక్షరాలు దాచే పైపెట్టె, కిందిపెట్టెల నుంచి వచ్చాయని చెబితే, రోజంతా కీబోర్డు కొట్టే మా ఆయన కూడా ఆశ్చర్యపోయాడు.

బానిసత్వం గురించి పిల్లలకి ఎలా చెప్పాలి?

చాలామంది ఈ ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు. కొందరు అసలు ఆ సంగతి రాకుండా టూర్ చేద్దామంటారు. అది కుదరదు, కుదరకూడదు కూడా. 1775 నాటికి ఈ ఊరి జనాభాలో సగానికి పైగా నల్లవాళ్లే, వాళ్లలో దాదాపు అందరూ బానిసలే. ఆ ఇటుకలు చేసింది, ఆ వంటిళ్లలో వండింది వాళ్లే. ప్యాలెస్ చూసి వంటిల్లు చూడకపోతే సగం ఊరు చూడనట్టే.

మేము బ్రే స్కూల్ దగ్గర మొదలుపెట్టాం, అది బడి కాబట్టి. 1760లో తెరిచారు, 1774 దాకా నడిచింది. బానిసల పిల్లలకీ, స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి పిల్లలకీ ఆన్ వేగర్ అనే ఒకే ఒక్క టీచరు చదువు చెప్పేది. అలా చెప్పించింది మంచితనంతో అనుకునేరు. క్రైస్తవం నేర్పి, దొరలకి అణిగిమణిగి ఉండేలా తయారుచేయడం ఉద్దేశం. కానీ అక్షరం వచ్చినవాడు దానితో ఏం చదువుతాడో ఎవడు ఆపగలడు? ఈ చిన్న చెక్క భవనం ఇదేనని గుర్తించింది 2020లో. అప్పటిదాకా విలియమ్ అండ్ మేరీ కాలేజీ ప్రాంగణంలో మామూలు ఆఫీసు గదుల్లా పడి ఉంది. 2023 ఫిబ్రవరిలో భవనాన్ని అలాగే లేపి, బండి మీద పాత ఊళ్లోకి తెచ్చారు. సాగర్ నీళ్లలో మునగకముందు నాగార్జునకొండ కట్టడాల్ని అనుపుకి తరలించిన సంగతి మా అత్తగారు అక్కడే పిల్లలకి చెప్పారు.

మా చిన్నది అడిగిన ప్రశ్న: "బడి అయ్యాక వాళ్లు ఇంటికి వెళ్లేవాళ్లా?" దొరగారి ఇంటికి, పనికి వెళ్లేవాళ్లు అని చెప్పాం. కాసేపు ఏం మాట్లాడలేదు. తియ్యగా చుట్టి చెప్పాల్సిన పనిలేదు, భయపెట్టాల్సిన పనీ లేదు. అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబిస్తే చాలు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి విసుగు పుట్టదా?

మా అనుభవంలో అందరికన్నా ఎక్కువ ఆనందించింది మా మామగారే. ఆయనది ఒంగోలు దగ్గర పల్లె, ముప్పై ఏళ్లు పొగాకు వేసిన మనిషి. వర్జీనియా అంటే ఆయనకి మొదట పంట పేరు, తర్వాతే రాష్ట్రం పేరు. పొలంలో పొగాకు మొక్కలు కనపడగానే కర్ర పక్కన పెట్టి వంగి, ఆకు అంచు వేళ్ల మధ్య నలిపి వాసన చూశారు. "బ్యారన్ ఏదీ?" అన్నది మొదటి ప్రశ్న, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టు. నేను తర్జుమా చేశాను. ఆ రోజుల్లో బ్యారన్లలో గొట్టాల వేడి పెట్టడం లేదు, షెడ్లలో వేలాడదీసి గాలికి ఆరబెట్టడమే, ఆ వేడి పద్ధతి 19వ శతాబ్దంలో వచ్చిందని అక్కడి రైతు చెప్పాడు. తర్వాత పీపాల దుకాణంలో ఆ ఆకుని కూరి పంపే పెద్ద పీపా గురించి చెప్పారు. నిండితే దాదాపు వెయ్యి పౌండ్లు, దొర్లించుకుంటూ రేవుకి తీసుకెళ్లేవాళ్లు. "మేం బేళ్లు కట్టాం, వీళ్లు పీపాలు దొర్లించారు. మరి రేటు ఎవరు కట్టేవాళ్లు?" అన్నారు. లండన్ వ్యాపారులు, రైతులు వాళ్లకి అప్పుపడి ఉండేవాళ్లు అంటే ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఎందుకో ఒంగోలు వేలం కేంద్రాలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

అత్తగారికి నచ్చింది అక్కడి బట్టల దుకాణం. కోరమాండల్ తీరంలో, మన మచిలీపట్నం వైపు తయారైన అద్దకం బట్టలు ఇంగ్లండ్ మీదుగా ఈ కాలనీలకి చేరేవి. తమ నేతగాళ్ల కోసం ఇంగ్లండ్ ఆ బట్టలు కట్టడాన్ని తన దేశంలో నిషేధించింది, కాలనీలకి అమ్ముకోడానికి మాత్రం అడ్డు చెప్పలేదు.

ఇంకో సంగతి పిల్లలకి తప్పక చెప్పండి. మనవాళ్లు ఐటీతో రాలేదు ఇక్కడికి. 1635 నాటి వర్జీనియా భూముల రికార్డుల్లోనే టోనీ అనే ఈస్ట్ ఇండియన్ ఉన్నాడు. ఇక్కడికి తెచ్చిన ఒక్కో మనిషికీ 50 ఎకరాల లెక్కన దొరలకి భూమి ఇచ్చేవాళ్లు, ఆ జాబితాలో అతనొక పేరు. 1776లో గెజిట్ పత్రికలో పారిపోయిన నౌకరు కోసం వేసిన ప్రకటనలో జాన్ న్యూటన్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు పుట్టుకతో ఏషియాటిక్ ఇండియన్ అని రాశారు. అమ్మానాన్న పెట్టిన పేరేమిటో.

జేమ్స్‌టౌన్ రెండున్నాయట. ఏది చూడాలి? యార్క్‌టౌన్ మాటేమిటి?

దీని మీద ప్రతి కుటుంబమూ ఒకసారి తికమకపడి తప్పు గేటు ముందు నిలబడుతుంది. హిస్టారిక్ జేమ్స్‌టౌన్ అంటే 1607లో ఇంగ్లీషువాళ్లు దిగిన అసలు చోటు, ఇప్పటికీ తవ్వకాలు జరుగుతుంటాయి. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ అంటే పక్కనే ఆ కాలాన్ని మళ్లీ కట్టి చూపించే చోటు. మూడు ఓడల నకళ్లు, కోట, పౌహటన్ అనే ఆదివాసీ తెగవాళ్ల ఊరు ఉంటాయి. చిన్నపిల్లలైతే సెటిల్‌మెంట్‌కి వెళ్లండి, ఓడెక్కి చూస్తే అంత చిన్న చోట అంతమంది సముద్రం ఎలా దాటారని వాళ్లే అడుగుతారు. తవ్వకాల పిచ్చి ఉన్న పెద్దపిల్లలకి అసలు చోటే.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, యార్క్‌టౌన్ దగ్గర 1781 అక్టోబరు 19న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. ఆ పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? ఐదేళ్లకి మనకి గవర్నర్ జనరల్‌గా వచ్చింది ఆయనే. 1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు సుల్తాన్‌ని లొంగదీసి, కొడుకులిద్దర్నీ తాకట్టుగా పట్టుకెళ్లినదీ ఆయనే. ఆ సంధితోనే కడప సీమ నిజాం చేతికి వెళ్లింది. యార్క్‌టౌన్ మట్టిగోడల మీద నిలబడి ఈ కథ చెబితే, అమెరికా చరిత్ర వేరు, మన చరిత్ర వేరు అనుకునే పిల్లలు ఒక్కసారి ఇటు తిరుగుతారు.

మూడు ఊళ్లనీ కలిపే కలోనియల్ పార్క్‌వే 23 మైళ్లు. చెట్ల నీడలో చక్కటి రోడ్డు, పెట్రోలు బంకు ఒక్కటీ ఉండదు. ముందే నింపుకోండి.

శాకాహారులం. తిండి సంగతి?

పాతకాలం భోజనశాలల్లో కొవ్వొత్తుల వెలుగు బాగుంటుంది, మనకి తినడానికి పెద్దగా ఉండదు. కింగ్స్ ఆర్మ్స్‌లో వేరుశనగల సూపు ప్రసిద్ధి, అందులో కోడి రసం వేస్తారేమో అడిగి మరీ తీసుకోండి. రాలీ టావెర్న్ వెనక బేకరీలో అల్లం బిస్కెట్లు పిల్లలకి నచ్చుతాయి. మేము మాత్రం పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లి చెట్టుకింద బెంచీ మీద తింటాం. పక్కనుంచి పిల్లనగ్రోవులూ డప్పులతో కుర్రాళ్ల దండు కవాతు చేసుకుంటూ పోతుంటే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది.

ఏ నెల మంచిది?

ఏప్రిల్, మే, అక్టోబరు. జూలై ఎండ మన విజయవాడ ఎండకి చెల్లెలు, ఉక్కపోతతో సహా. డిసెంబరులో తలుపులకి పళ్లతో కట్టిన దండలు చూడముచ్చటగా ఉంటాయి, జనం కూడా అంతే ఉంటారు.

స్ట్రోలర్, వీల్‌చైర్ తిరుగుతాయా?

పెద్దవీధి మీద తిరుగుతాయి, పగలు కార్లు రావు. ఇళ్ల గుమ్మాలకి మెట్లుంటాయి, స్ట్రోలర్ బయట వదలాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఏయే భవనాల్లోకి ర్యాంపు ఉందో విజిటర్ సెంటర్‌లోనే అడిగి మ్యాపు మీద గుర్తు పెట్టించుకోండి. బాత్రూమ్‌లు కూడా అలాగే.

టోపీ కొనమని పిల్లలు గోల చేస్తే?

మూడు మూలల టోపీ కొనక తప్పదు. సాయంత్రం కొనండి. పొద్దున కొన్నది పదకొండింటికల్లా మీ నెత్తిమీదికి వస్తుంది. ఫొటోకి కోర్టు పక్కనున్న బొండకొయ్య, అంటే ఆ రోజుల్లో నేరగాళ్లని బిగించి నిలబెట్టిన కొయ్య చాలు, తలా చేతులూ దూర్చి నిలబడితే అందరికీ నవ్వే. బొండకొయ్య అన్న మాట విని చాలా ఏళ్లయిందని మా అత్తగారు మురిసిపోయారు.

వర్షం వస్తే డబ్బు దండగేనా?

కాదు. దుకాణాలన్నీ పైకప్పు కిందే, పైగా వాన రోజున జనం తగ్గి చేతిపనివాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. జోరుగా కురిస్తే ఆర్ట్ మ్యూజియంలోకి వెళ్లండి. జానపద కళల గదుల్లో పాత బొమ్మలు, బొమ్మరిళ్లు ఉంటాయి. గొడుగు కన్నా రెయిన్‌కోటు మేలు, ఆ ఇరుకు గుమ్మాల్లో గొడుగు ముడిచేసరికి తడిసిపోతాం.